శంషాబాద్ నుంచి డల్లాస్‌కు ఏ దారిన వెళ్లాలి?

పిల్లలు డల్లాస్‌లోనూ తల్లిదండ్రులు కూకట్‌పల్లిలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో ఉన్న ఇళ్లకు హైదరాబాద్‌లో కొదవ లేదు. ప్రయాణం ఖాయమై టికెట్టు కొనే వేళ వచ్చేసరికి ఆ ఇళ్లలో దాదాపు ఒకే చర్చ నడుస్తుంది. దుబాయ్ దగ్గర కాబట్టి అటే మేలని ఒకరు, మధ్యలో కాస్త నడుము వాల్చుకోవచ్చు కాబట్టి లండన్ మేలని ఒకరు, దోహా మీదుగా వెళితే నాలుగు డబ్బులు మిగులుతాయని ఇంకొకరు చెబుతారు. చివరికి వియ్యాలవారు పోయినేడాది ఏ దారిన వెళ్లివచ్చారో అదే ఖాయమైపోతుంది. వియ్యాలవారి మోకాళ్లూ మన మోకాళ్లూ ఒకటి కావు కాబట్టి, ఒక్కో దారిని ఏయే లెక్కలతో తూచాలో ఇక్కడ వివరంగా చెబుతున్నాను.

దారపు పోగుతో కొలిస్తే

మా ఇంట్లో కోఠిలో కొన్న పాత గ్లోబు ఒకటి ఉంది. దాని మీద హైదరాబాద్ దగ్గర దారం కొసను బొటనవేలితో అదిమిపట్టి, రెండో కొసను డల్లాస్ వరకు లాగి బిగిస్తే, ఆ దారం అరేబియా సముద్రం వైపూ పోదు, యూరప్ వైపూ పోదు. నేరుగా ఉత్తరానికి లేచి, కాశ్మీరు కొండలు, కజకిస్తాన్, సైబీరియా దాటి, ఉత్తర ధ్రువానికి అయిదారు వందల కిలోమీటర్ల దూరంలోంచి ఆవలికి వెళ్లి, కెనడా మీదుగా కిందికి దిగుతుంది. హైదరాబాద్ తూర్పు రేఖాంశం 78 డిగ్రీల దగ్గర, డల్లాస్ పశ్చిమ రేఖాంశం 97 డిగ్రీల దగ్గర ఉండడమే దీనికి కారణం. రెండూ కలిపితే 175 డిగ్రీలు, అంటే ఇంచుమించు సగం భూమి. ఈ దారం పొడవు దాదాపు 14,420 కిలోమీటర్లు. గంటకు 900 కిలోమీటర్ల వేగంతో ఎగిరే విమానానికి అది పదహారు గంటల పని.

అయితే ఈ దారిన నేరుగా నడిచే విమానం లేదు. అంత దూరం ఎగరగల విమానాలు లేక కాదు. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కు సుమారు 15,300 కిలోమీటర్లు ఆగకుండా ఎగిరే సర్వీసు నడుస్తూనే ఉంది. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా హైదరాబాద్ నుంచి షికాగోకు నేరుగా విమానం మొదలుపెట్టింది కూడా, తరువాత అది ఆగిపోయింది. అంత దూరానికి ఇంధనం మోయాలంటే మనుషులనూ సామానునూ తగ్గించుకోవాలి, సీట్లన్నీ ఏడాది పొడుగునా మంచి ధరకు నిండాలి. పైగా ఉత్తర దారికి కీలకమైన రష్యా గగనతలం 2022 నుంచి అమెరికా, బ్రిటన్, యూరోపియన్ యూనియన్ దేశాల విమాన సంస్థలకు మూసి ఉంది. కాబట్టి ఎక్కడో ఒకచోట దిగి విమానం మారక తప్పదు.

ఎక్కడ దిగినా దూరం పెద్దగా పెరగదన్నది చాలామందికి తెలియదు. గుమ్మడికాయకు ఈ పక్కనున్న చీమ ఆ పక్కకు చేరాలంటే, తొడిమ మీదుగా ఎక్కి దిగినా, కాస్త ఓరగా చుట్టి వెళ్లినా నడక ఇంచుమించు అంతే ఉంటుంది. హైదరాబాద్, డల్లాస్‌ల పరిస్థితి కూడా అదే. గ్లోబు మీద కొలిచిన దూరాలూ, వెళ్లేటప్పుడు గాలిలో గడిచే సుమారు సమయాలూ కింది పట్టికలో ఉన్నాయి.

| ఎక్కడి మీదుగా | మొదటి అంచె (కి.మీ.) | తరువాతి అంచె (కి.మీ.) | మొత్తం (కి.మీ.) | గాలిలో గడిచే సమయం |
|---|---|---|---|---|
| దుబాయ్ | 2,550 | 12,920 | 15,470 | 4 + 16 గంటలు |
| దోహా | 2,910 | 12,740 | 15,650 | 4½ + 16 గంటలు |
| లండన్ | 7,750 | 7,630 | 15,380 | 10 + 10 గంటలు |
| ఫ్రాంక్‌ఫర్ట్ | 7,120 | 8,260 | 15,380 | 9½ + 11 గంటలు |
| అబుదాబి, షికాగో | 2,590 | 11,690, ఆపై 1,290 | 15,570 | 4 + 15 + 2¾ గంటలు |
| హాంకాంగ్ | 3,750 | 13,050 | 16,800 | 5½ + 15½ గంటలు |

మొదటి నాలుగు దారుల్లో అతి తక్కువ దూరానికీ అతి ఎక్కువ దూరానికీ మధ్య తేడా మూడు వందల కిలోమీటర్లు కూడా లేదు. విమానానికి అది ఇరవై నిమిషాల ప్రయాణం. మెహిదీపట్నం నుంచి శంషాబాద్ వెళ్లే దారిలో ఒక్క సాయంత్రపు ట్రాఫిక్ అంతకంటే ఎక్కువ సమయం మింగేస్తుంది. యుద్ధాలు, మూసిన గగనతలాలు, గాలుల వల్ల విమానాలు నిజంగా ఎగిరే దూరం పట్టికలో ఉన్నదానికంటే కొంత ఎక్కువే ఉంటుంది కానీ, దారుల మధ్య పోలిక పెద్దగా మారదు. తూర్పు వైపు తిరిగి పసిఫిక్ మీదుగా వెళ్లే హాంకాంగ్ దారి కూడా పధ్నాలుగు వందల కిలోమీటర్లే ఎక్కువ. అందువల్ల "దగ్గర దారి" అన్న మాటను పక్కన పెట్టవచ్చు.

మరి దేన్ని చూడాలి

ముందు చూడవలసింది మజిలీ. గాలిలో గడిచే సమయం అన్ని దారుల్లోనూ ఇరవై, ఇరవై రెండు గంటల మధ్యే ఉంటుంది. మధ్యలో ఆగే సమయం మాత్రం రెండు గంటల నుంచి పధ్నాలుగు పదిహేను గంటల వరకు ఎంతైనా ఉండవచ్చు. చౌకగా కనిపించే టికెట్లలో చాలావరకు ఈ మజిలీ దగ్గరే మన నుంచి బదులు తీర్చుకుంటాయి. విమానం ఆలస్యంగా చేరినా కంగారు లేకుండా మూడు గంటలు, కుర్చీలో కూర్చుని విసుగెత్తకుండా అయిదు గంటలు, ఈ రెండింటి మధ్య ఉన్న మజిలీని మంచి మజిలీ అనుకోవచ్చు.

రెండోది, ఒకే సీటులో ఏకబిగిన ఎన్ని గంటలు కూర్చోవాలన్నది. గల్ఫ్ దారుల్లో పెద్ద అంచె పదహారు గంటలు. లండన్, ఫ్రాంక్‌ఫర్ట్ దారుల్లో ప్రయాణం దాదాపు సగానికి విరుగుతుంది. కాళ్ల వాపు, మోకాళ్ల నొప్పి, మూత్ర సమస్యలు ఉన్నవారికి ఈ తేడా టికెట్టు ధరలోని తేడాకంటే పెద్దది.

మూడోది, అమెరికా ఇమిగ్రేషన్ ఏ ఊళ్లో జరుగుతుందన్నది. అమెరికాలో మొదట దిగిన విమానాశ్రయంలోనే పాస్‌పోర్టు తనిఖీ జరుగుతుంది, చెక్-ఇన్ చేసిన పెట్టెలను అక్కడే బెల్టు మీదనుంచి దించుకుని, కస్టమ్స్ దాటించి, మళ్లీ అప్పగించాలి. ఆ మొదటి ఊరు డల్లాసే అయితే, తనిఖీ ముగియగానే తలుపు అవతల కొడుకో కోడలో నిలబడి ఉంటారు. న్యూయార్క్, షికాగో వంటి ఊళ్లలో ముందు దిగి అక్కడి నుంచి దేశీయ విమానంలో డల్లాస్ చేరే టికెట్టయితే, ఈ తతంగమంతా కొత్త ఊళ్లో, గడియారం చూసుకుంటూ ఒంటరిగా చేసుకోవాలి.

ఈ విషయంలో మా ఇంట్లో తగిలిన దెబ్బ ఒకటి చెబుతాను. మా అమ్మ మొదటిసారి వెళ్లినప్పుడు ధర తక్కువని ఇలాంటి టికెట్టే కొన్నాం. మధ్య ఊళ్లో గంటా ముప్పావు వ్యవధి ఉంది, కాగితం మీద అది చాలుననిపించింది. వరుసలో నిలబడడానికే గంట పైన పట్టింది, బెల్టు మీద రెండు పెట్టెల్లో ఒకటే వచ్చింది, రెండోదాని కోసం చూస్తూ ఉండగానే డల్లాస్ వెళ్లే ఆఖరి విమానం తలుపులు మూసేశారు. ఆ రాత్రంతా ఆవిడ ఊలు శాలువా కప్పుకుని, హ్యాండ్‌బ్యాగును ఒళ్లో పెట్టుకుని ఒక కుర్చీలో కూర్చుంది. మాకు ఫోను చేయడానికి పక్కనున్న ఒక గుజరాతీ ఆవిడ తన ఫోను ఇచ్చింది. మేం మిగుల్చుకున్న డబ్బు ఎంతో ఇప్పుడు గుర్తు లేదు కానీ, ఆ శాలువా మాత్రం బాగా గుర్తుంది. అప్పటి నుంచి అమెరికా గడ్డ మీద విమానం మారవలసి వస్తే మూడు గంటలకు తక్కువ వ్యవధి ఉన్న టికెట్టును మా ఇంట్లో ఎవరూ ముట్టుకోరు.

నాలుగోది కనెక్షన్ తప్పితే ఏమవుతుందన్నది, దీన్ని టికెట్టు కొనేటప్పుడు దాదాపు ఎవరూ ఆలోచించరు. వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ దీని లెక్క తలకిందులవుతుంది. గల్ఫ్ నగరాల నుంచి హైదరాబాద్‌కు రోజుకు ఒకటికి మించి విమానాలు ఉంటాయి, డల్లాస్‌కు మాత్రం తక్కువ. అక్కడ డల్లాస్ విమానం తప్పితే మరుసటి రోజు వరకు ఆగవలసి రావచ్చు. లండన్‌లో పరిస్థితి సరిగ్గా తిరగబడుతుంది. అక్కడి నుంచి డల్లాస్‌కు బ్రిటిష్ ఎయిర్‌వేస్, అమెరికన్ ఎయిర్‌లైన్స్ రెండూ నడుపుతాయి కాబట్టి ఒకటి పోయినా అదే రోజు ఇంకొకటి దొరికే అవకాశం ఉంది, హైదరాబాద్‌కు మాత్రం ఒక విమానం పోతే మరుసటి రోజు దాకా ఎదురు చూడవలసిందే. కాబట్టి వెళ్లేటప్పుడు గల్ఫ్‌లో మజిలీ కాస్త ఎక్కువ ఉంచుకోవడం, వచ్చేటప్పుడు లండన్‌లో కాస్త ఎక్కువ ఉంచుకోవడం తెలివైన పని.

ఇవన్నీ టికెట్టు ఒక్కటే అయినప్పటి మాటలు. హైదరాబాద్ నుంచి ఢిల్లీకో ముంబైకో ఒక టికెట్టు, అక్కడి నుంచి అమెరికాకు వేరే టికెట్టు విడివిడిగా కొంటే, మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోయినప్పుడు రెండో సంస్థకు మనపట్ల ఏ బాధ్యతా ఉండదు. పెట్టెలు కూడా మధ్యలో మనమే తీసుకుని మళ్లీ ఇవ్వాలి. ఎంత చౌకగా వచ్చినా పెద్దవాళ్లకు ఇలాంటి జంట టికెట్లు కొనవద్దన్నదే నా సలహా.

దుబాయ్, దోహా

గల్ఫ్ దారులకు ఉన్న గొప్ప బలం సౌలభ్యం. నాలుగు గంటల చిన్న అంచె, ఒక మజిలీ, తరువాత నేరుగా డల్లాస్. విమానాశ్రయం బయటకు వెళ్లకుండా విమానం మారేవారికి ఏ వీసా అక్కర్లేదు. మజిలీలో తెలుగు మాట చెవిన పడకుండా ఉండడం అరుదు, ఏ గేటు దగ్గరైనా నిజామాబాద్, కరీంనగర్ వాళ్లు ఎవరో ఒకరు తగులుతారు, మొదటిసారి వెళ్లే పెద్దవారికి అదే కొండంత ధైర్యం. భోజనం విషయంలోనూ పెద్దగా ఇబ్బంది ఉండదు. శాకాహారులు టికెట్టు కొన్నప్పుడే, తప్పితే బయలుదేరడానికి కనీసం ఒక రోజు ముందు, ఏవీఎంఎల్ అన్న సంకేతంతో ఉండే భారతీయ శాకాహార భోజనాన్ని నమోదు చేయించుకోవాలి. ఉల్లి, వెల్లుల్లి ముట్టనివారికి జైన భోజనం వేరే ఉంది, దాని సంకేతం వీజేఎంఎల్.

బలహీనత పదహారు గంటల అంచె. మొదటి ఎనిమిది గంటలు ఎలాగో గడిచిపోతాయి. రెండు సార్లు భోజనం, ఒక సినిమా, ఒక కునుకు అయ్యాక ముందు సీటు వెనకున్న తెరమీద బొమ్మ విమానం ఇంకా గ్రీన్‌లాండ్ దగ్గరే కనిపించినప్పుడు మనిషికి నిజంగా నీరసం వస్తుంది. గంటన్నరకో రెండు గంటలకో లేచి నడవాలి, అందువల్ల పెద్దవారికి నడవా పక్క సీటే ఇప్పించాలి, కిటికీ సీటు ముచ్చట మనవలకు వదిలేయవచ్చు. రక్తం గడ్డకట్టే సమస్య ఇంతకు ముందు ఉన్నవారు, ఈ మధ్య ఆపరేషన్ అయినవారు డాక్టరును అడగకుండా ఈ అంచెకు ఒప్పుకోకూడదు.

గల్ఫ్ గగనతలానికి ఉన్న ముప్పును కూడా లెక్కలో వేసుకోవాలి. 2025 జూన్ 23న ఖతర్ తన గగనతలాన్ని కొన్ని గంటలపాటు మూసేసినప్పుడు దారిలో ఉన్న విమానాలు ఎక్కడెక్కడో దిగవలసి వచ్చింది. అలాంటిది రోజూ జరగదు, అయితే ఆ ప్రాంతంలో ఉద్రిక్తత ఉన్న వారాల్లో ప్రయాణం పెట్టుకునేవారు తేదీ మార్చుకునే వీలున్న టికెట్టు కొనడం మంచిది.

దుబాయ్, దోహాల మధ్య ఎంచుకోవడానికి నాకు పెద్ద తేడా కనిపించదు. మజిలీ ఎక్కడ బాగా కుదిరితే అది కొనవచ్చు.

లండన్, ఫ్రాంక్‌ఫర్ట్

శంషాబాద్ నుంచి లండన్ హీత్రోకు బ్రిటిష్ ఎయిర్‌వేస్, ఫ్రాంక్‌ఫర్ట్‌కు 2024 జనవరి నుంచి లుఫ్తాన్సా నేరుగా నడుపుతున్నాయి. ఫ్రాంక్‌ఫర్ట్ విమానం వారంలో ఏయే రోజుల్లో ఉందో చూసుకున్న తరువాతే తేదీ అనుకోవాలి. శరీరానికి ఈ దారులు నిస్సందేహంగా మేలు. పదేసి గంటల రెండు ముక్కలు, మధ్యలో కాళ్లు చాచి నడిచే అవకాశం, వేళకు ఇన్సులిన్ తీసుకోవలసినవారికి నేలమీద ఒక పూట స్థిమితంగా తినే వీలు ఉంటాయి.

ఇక్కడి చిక్కంతా వీసా దగ్గర ఉంది. చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసాతో అమెరికా వెళుతున్న భారతీయులు హీత్రోలో లోపలి నుంచే విమానం మారితే ట్రాన్సిట్ వీసా అడగరు, ఫ్రాంక్‌ఫర్ట్‌లోనూ అంతే. కాబట్టి పదేళ్ల విజిటర్ వీసా ఉన్న తల్లిదండ్రులకు ఏ ఇబ్బందీ లేదు. ఇబ్బంది వచ్చేది తిరుగు ప్రయాణంలో, అదీ ఉద్యోగం చేసుకునే పిల్లలకు. హెచ్-1బీ పొడిగింపు కాగితం, అంటే ఐ-797, చేతిలో ఉండి, పాస్‌పోర్టులోని వీసా స్టాంపు గడువు ఎప్పుడో ముగిసిపోయినవారు చాలామంది ఉంటారు. అలాంటివారు హైదరాబాద్‌కు స్టాంపింగ్ కోసం వస్తూ లండన్ మీదుగా టికెట్టు కొంటే, బ్రిటిష్ నిబంధనల ప్రకారం ట్రాన్సిట్ వీసా కావలసి రావచ్చు, అది లేకపోతే డల్లాస్ చెక్-ఇన్ కౌంటర్ దగ్గరే ఆపేస్తారు. ఫ్రాంక్‌ఫర్ట్ నిబంధన మాటలు కొంత వేరుగా ఉంటాయి కాబట్టి, అటు కొనేవారు విమాన సంస్థతో ముందే రాతపూర్వకంగా ఖాయం చేసుకోవాలి. గడువు ముగిసిన స్టాంపుతో తిరిగి వచ్చేవారికి నా మాట ఒక్కటే, గల్ఫ్ దారిన రండి.

సామాను సంగతి కూడా ఇక్కడ జాగ్రత్తగా చూడాలి. ఒకే సంస్థ ఒకే తరగతిలో అమ్మే టికెట్లలో కూడా ఒకదానికి రెండు పెట్టెలు, ఇంకొకదానికి ఒకటి, మరీ చౌకదానికి అసలు లేకుండా ఉండవచ్చు. ఆవకాయ, గోంగూర, అప్పడాలు, అరిసెలు, మనవరాలి పట్టుపరికిణీ లేకుండా ఏ తెలుగు తల్లీ విమానం ఎక్కదు కాబట్టి, 23 కిలోల పెట్టెలు రెండు వస్తాయో లేదో టికెట్టు మీద చదువుకున్న తరువాతే ధరలు పోల్చాలి. పచ్చళ్లూ పెరుగూ ద్రవాల కింద లెక్క, వాటిని చేతిసంచిలో పెడితే మజిలీలో మళ్లీ జరిగే భద్రతా తనిఖీలో చెత్తబుట్ట పాలవుతాయి. పచ్చి కరివేపాకును అమెరికా లోపలికి రానివ్వరు, చీర మడతల్లో దాచినా సరే.

అబుదాబి, హాంకాంగ్

అబుదాబి దారికి ఒక విశేషం ఉంది. అమెరికా ఇమిగ్రేషన్, కస్టమ్స్ తనిఖీ అబుదాబి విమానాశ్రయంలోనే, విమానం ఎక్కకముందే పూర్తవుతుంది. షికాగోలోనో న్యూయార్క్‌లోనో దిగేసరికి మనం దేశీయ ప్రయాణికుల కిందే లెక్క. ఒకే టికెట్టయితే పెట్టెలను మధ్యలో దించుకోవలసిన పని కూడా సాధారణంగా ఉండదు. అధికారి ప్రశ్నలకు భయపడేవారికి, నిద్ర లేని పదహారు గంటల తరువాత వరుసలో నిలబడడం కంటే ముందే ఆ గండం గట్టెక్కడం ఎంతో ఊరట. దీనికి ప్రతిగా మూడు విమానాలు ఎక్కాలి. డల్లాస్‌కు నేరుగా దిగే విమానం దొరికే మనిషికి ఈ దారి ఎందుకో నాకు తోచదు, టెక్సాస్‌కు వెళ్లేలోపు షికాగోలో ఇంకో బిడ్డ దగ్గర వారం రోజులు ఆగేవారికి మాత్రం ఇంతకంటే మంచిది లేదు.

హాంకాంగ్ దారి ఇంకా కొత్త. హైదరాబాద్, డల్లాస్ రెండు ఊళ్లకూ కాథే పసిఫిక్ నడుపుతోంది కానీ, రెండు విమానాల రోజులూ కుదిరితేనే మజిలీ బాగుంటుంది, కుదరకపోతే ఒక రాత్రంతా అక్కడే గడపాలి.

ఎవరికి ఏది

మొదటిసారి వెళ్లే, ఇంగ్లీషు అంతగా రాని, ఆరోగ్యం ఫరవాలేదనిపించే తల్లిదండ్రులకు దుబాయ్ లేదా దోహా మీదుగా, మూడు నాలుగు గంటల మజిలీతో, నేరుగా డల్లాస్‌లో దిగే టికెట్టే నా ఎంపిక. నడవగలిగినవారికైనా వీల్‌చెయిర్ నమోదు చేయించండి. మొహమాటపడవలసిన పని లేదు, మజిలీలో గేటు ఎక్కడో వెతుక్కునే బాధ తప్పుతుంది, డల్లాస్‌లో ఇమిగ్రేషన్ దాకా తోడు ఉంటుంది.

మోకాళ్లు, గుండె, షుగరు ఇబ్బందులు ఉన్నవారికి లండన్ దారికి కొంత ఎక్కువ పెట్టినా తప్పు లేదు. అయితే హీత్రోలో టెర్మినల్ మారవలసి వస్తుందేమో చూసి, వస్తే కనీసం మూడు గంటల వ్యవధి ఉంచాలి.

చంటిబిడ్డతో వెళ్లే తల్లులకు సలహా చెప్పడం కష్టం. పదహారు గంటల అంచె బిడ్డ రాత్రి నిద్రవేళతో కలిసి వస్తే, బ్యాసినెట్, అంటే బిడ్డను పడుకోబెట్టే చిన్న తొట్టి, ఉన్న ముందు వరుస సీటు దొరికితే, గల్ఫ్ దారి వరమే. ఆ రెండూ కుదరకపోతే పది గంటల చొప్పున విరిగే ప్రయాణమే తల్లికి ప్రాణం నిలబెడుతుంది. విమాన సంస్థకు ఫోను చేసి బ్యాసినెట్ ఖాయం చేసుకున్న తరువాతే దారి తేల్చుకోవడం మంచిది.

ఆగస్టులో చదువుకు వెళ్లే విద్యార్థులకు వయసు తోడుంటుంది కాబట్టి ఎనిమిది గంటల మజిలీ కూడా పెద్ద లెక్క కాదు. ధర, పెట్టెలు, పగటిపూట చేరుకోవడం, ఈ మూడే చూసుకుంటే చాలు. అర్ధరాత్రి కొత్త ఊళ్లో దిగి, అప్పటికింకా ముఖం కూడా చూడని రూమ్మేట్ కోసం ఎదురు చూడడం కంటే, మధ్యాహ్నం దిగే విమానానికి కాస్త ఎక్కువ ఇవ్వడం నయం.

ఇంట్లో ఎవరికో బాగోలేదని హఠాత్తుగా డల్లాస్ నుంచి బయలుదేరవలసినవారు దూరం, ధర, సీటు అన్నీ మరిచిపోయి గల్ఫ్ దారే చూడాలి. అక్కడి నుంచి శంషాబాద్‌కు రోజుకు ఒకటికి మించి విమానాలు ఉండడం ఆ వేళ అన్నిటికంటే పెద్ద విషయం.

గడియారం లెక్క

టికెట్టు మీద రాసే వేళలన్నీ ఆయా ఊళ్ల స్థానిక వేళలే. డల్లాస్ మనకంటే శీతాకాలంలో పదకొండున్నర గంటలు, వేసవిలో పదిన్నర గంటలు వెనక ఉంటుంది. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం వరకు అక్కడ వేసవి లెక్క. సోమవారం తెల్లవారుజామున 4 గంటలకు శంషాబాద్‌లో బయలుదేరి అదే సోమవారం మధ్యాహ్నం 3.30కు డల్లాస్ చేరుతుందని జూన్ నెల టికెట్టు మీద ఉంటే, పదకొండున్నర గంటల ప్రయాణమని మురిసిపోకూడదు. దానికి పదిన్నర కలిపితే అసలు ప్రయాణం ఇరవై రెండు గంటలు. డిసెంబరు టికెట్టు మీద అవే వేళలు ఉంటే ఇరవై మూడు.

దీనికి ఇంటి నుంచి ఇంటికి పట్టే సమయం కూడా కలపాలి. మియాపూర్ నుంచి ఔటర్ రింగురోడ్డు మీదుగా కారులో గంటా గంటంబావు, విమానానికి మూడున్నర గంటల ముందు చేరడం, అటు దిగాక ఇమిగ్రేషన్, పెట్టెలు, ఫ్రిస్కోకో ప్లేనోకో ప్రయాణం కలుపుకుంటే ముప్పై గంటలకు ఎటూ తగ్గదు. మందుల డబ్బాను చేతిసంచిలో పెట్టుకునేవారు కనీసం రెండు రోజులకు సరిపడా పెట్టుకోవాలి. డల్లాస్‌లో మొదటిరోజు మందులు ఏ గడియారం ప్రకారం వేసుకోవాలో బయలుదేరకముందే డాక్టరు చేత రాయించుకోవాలి.

తిరిగి వచ్చేటప్పుడు పడమటి గాలులు వెనకనుంచి తోస్తాయి కాబట్టి సాధారణంగా గంటో గంటన్నరో తగ్గుతుంది. పొరపాటు మాత్రం తేదీ దగ్గర జరుగుతుంది. శుక్రవారం రాత్రి 8 గంటలకు డల్లాస్‌లో ఎక్కినవారు, వేసవిలో ఇరవైన్నర గంటల ప్రయాణమనుకుంటే, ఆదివారం తెల్లవారుజామున 3 గంటలకు శంషాబాద్‌లో దిగుతారు. ఎదురు వెళ్లేవారి కారు శనివారం అర్ధరాత్రి దాటాక బయలుదేరాలి. మా బావగారు ఒకసారి "ఆదివారం రాత్రి" అని రాసుకుని ఇంట్లో హాయిగా పడుకున్నారు, అక్కయ్య పెట్టెల మీద కూర్చుని ఆరింటి దాకా ఎదురు చూసి, చివరికి పుష్పక్ బస్సెక్కి ఇంటికొచ్చి తలుపు కొట్టింది.